మా ల్యాబ్‌ను కాపాడుతున్న చిన్న ‘టీ’: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

లినక్స్‌లో ఫైళ్లకు, ఫోల్డర్లకు ఇచ్చే రీడ్, రైట్, ఎగ్జిక్యూట్ అనుమతులు, వాటి 4, 2, 1 అంకెల గురించి నేను చెప్పను. లినక్స్ ముందు వారం రోజులు కూర్చున్నవాళ్లకు అవి వచ్చేస్తాయి. నేను చెప్పేది ఆ అనుమతులను చూపించే అక్షరాల వరుసలో చిట్టచివర కనిపించే చిన్న టీ గురించి. దాన్ని స్టికీ బిట్ అంటారు. మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు రెండేళ్లు వాడలేదు, ఆ బుద్ధి లేకపోవడం నాదే.

అప్పట్లో సర్వర్ మీద రికార్డులు పెట్టడానికి అందరికీ ఒకటే ఫోల్డర్. పిల్లలు సబ్మిట్ చేయలేకపోతున్నారని దానికి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, కొట్టి వదిలేశాను. ప్రాక్టికల్స్‌కు ముందురోజు దేవరకద్ర నుంచి వచ్చే అమ్మాయి పొద్దున్నే నా టేబుల్ దగ్గర నిలబడింది. “సార్, నా ఫైల్ కనిపిస్తలేదు.” ఇంకో చోట సేవ్ చేసి ఉంటావులే అన్నాను. “లేదు సార్, ఎవ్వరూ ముట్టొద్దని రీడ్ ఓన్లీ కూడా పెట్టిన. ఎట్ల పోతది?” అంది. ఆ మాటతో నాకూ అనుమానం వచ్చింది. ఆమె పెట్టింది 444, అంటే అందరికీ చదవడం మాత్రమే. ఓనర్ కూడా రాయలేని ఫైలు మాయమవడం ఏమిటి?

ఫోల్డర్ తెరిచి చూస్తే ఆమెది ఒక్కటే కాదు, సెక్షన్ మొత్తం పోయింది. మధ్యాహ్నానికి ఒక పిల్లవాడు తనే వచ్చి ఒప్పుకున్నాడు. తన పాత ఫైళ్లు తీసేద్దామని డిలీట్ చేసే ఆర్ఎం ఆదేశం పక్కన స్టార్ (అన్ని ఫైళ్లూ అని) కొట్టాడట. “మరి అడగలేదారా?” అన్నాను. “అడిగింది సార్. ముప్పైసార్లు అడిగింది. ముప్పైసార్లు వై (ఎస్ అని) కొట్టిన.”

వాడిని తిట్టాను. తర్వాత కూర్చుని చదువుకుంటే తిట్లు పడాల్సింది నాకని అర్థమైంది. లినక్స్ నమూనాగా తీసుకున్న యూనిక్స్‌లో ఫోల్డర్ అంటే పేర్లు రాసుకునే హాజరు పట్టీ లాంటిది. ఫైలు డిలీట్ చేయడం అంటే పట్టీలో ఆ పేరు కొట్టేయడమే, ఫైలు లోపల ఏదో చెరపడం కాదు. అందుకే ఫైలుకు ఎంత తాళం వేసినా లాభం లేదు. పట్టీలో రాసే హక్కు ఉన్నవాడు ఎవరి పేరైనా కొట్టేయగలడు. ఆ హక్కును నేనే 777తో కాలేజీ అందరికీ పంచాను. ఆర్ఎం అడిగే ప్రశ్న ఉత్త మర్యాద, అంతే.

ఆ సాయంత్రమే 777 ముందు స్టికీ బిట్ తాలూకు 1 చేర్చి 1777 చేశాను. మన్యంకొండ జాతరలో మెట్ల కింద చెప్పులు విడిచినట్టు అన్నమాట. ఎవరైనా విడవొచ్చు, తీసుకునేటప్పుడు మాత్రం ఎవరివి వాళ్లే. (జాతరలో అలా జరగదు, ఇక్కడ జరుగుతుంది.) ఫైలు ఓనర్, ఫోల్డర్ ఓనర్, రూట్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న ఖాతా), ఈ ముగ్గురు తప్ప ఇంకెవరూ దాన్ని డిలీట్ చేయలేరు, పేరూ మార్చలేరు. సిస్టమ్‌లో అందరూ వాడే టెంప్ ఫోల్డర్‌కు కూడా ఇదే 1777 ఉంటుంది. కళ్ల ముందున్నా ఎన్నడూ చూడలేదు.

పేరు మాత్రం పాత పని తాలూకు మిగులు. తొలి యూనిక్స్‌లో ఈ బిట్‌ను ప్రోగ్రామ్‌లకు పెట్టేవాళ్లు. ప్రోగ్రామ్ ముగిసినా దాని కోడ్ స్వాప్‌లో (మెమరీకి తోడుగా డిస్క్ మీద వాడే చోటు) అంటుకునే ఉండేది, మళ్లీ తొందరగా మొదలవడానికి. ఫోల్డర్లకు ఇప్పటి అర్థం 1986లో 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్‌తో వచ్చింది. ఈరోజు లినక్స్‌లో మామూలు ఫైలుకు టీ పెడితే అది పట్టించుకోదు.

ఒకసారి పెడితే మర్చిపోవచ్చు అని చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. నేను సెలవులో ఉన్నప్పుడు ఎవరో మళ్లీ 777 కొట్టారు, టీ చడీచప్పుడు లేకుండా ఎగిరిపోయింది. తమాషా ఏమిటంటే, ఫోల్డర్ మీద గ్రూప్ ఎస్ బిట్ (లోపల చేసే ఫైళ్లు ఫోల్డర్ గ్రూపుకే చెందేలా చేసేది) ఉంటే, అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశం మూడంకెలతో కొడితే దాన్ని ముట్టుకోదు, జాగ్రత్తగా అలాగే ఉంచుతుంది. టీకి ఆ దయ లేదు. ఒకే ఆదేశంలో ఇంత పక్షపాతం ఎందుకో!

ఇంకో తలనొప్పి ప్రాజెక్టు ఫోల్డర్లతో వచ్చింది. నలుగురేసి టీములు. ఎవరు ఫైలు చేసినా టీము గ్రూపుకే చెందాలని ఎస్, ఒకరిది ఒకరు పోగొట్టొద్దని టీ, రెండూ కలిపి 3770 పెట్టాను. చివర పెద్ద టీ కనబడితే టెన్షన్ పడ్డాను కానీ, అది బయటివాళ్లకు ఎగ్జిక్యూట్ లేదని చెప్పే గుర్తు మాత్రమే. అసలు సమస్య కరెంటు పోయినప్పుడు మొదలైంది. విమ్ అనే ఎడిటర్‌లో ఫైలు తెరిచి ఉండగా సిస్టమ్ ఆగిపోతే, ఎడిటర్ తాత్కాలికంగా రాసుకునే స్వాప్ ఫైలు అక్కడే మిగిలిపోతుంది. జడ్చర్ల పిల్లవాడు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మిగతా ముగ్గురూ ఆ ఫైలు తెరిచిన ప్రతిసారీ హెచ్చరిక, తీసేద్దామంటే ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. టీ తన పని తను సక్రమంగా చేస్తోంది, వాళ్ల పని ఆగిపోయింది. “సార్, వాడు రేపు గూడ రాడు, మీరే తీసెయ్యండి” అని నాకు ఫోన్లు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని రూట్‌గా లాగిన్ అయి తీసిన రోజులున్నాయి.

ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్ అయితే ఈ బిట్ ఉందో లేదో కూడా మీకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఒకరినొకరు అంతగా నమ్మలేని ముప్పైమంది ఒకే ఫోల్డర్‌లో పడేసే చోటైతే, నా మట్టుకు, ఇది లేకుండా సర్వర్ ఆన్ చేయను. రికార్డుల ఫోల్డర్‌కు 1777 అలాగే ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్లలో మాత్రం ఈ ఏడాది టీ తీసేసి ఎస్ ఒక్కటే ఉంచాను. ఎండాకాలంలో కరెంటు ఎలా ఉంటుందో, పిల్లలు ఎలా ఉంటారో చూసి మళ్లీ ఆలోచిస్తాను.