కొండ ఊళ్లో 4జీ సిమ్ రౌటర్, బయటి యాంటెన్నా: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

పాడేరు, అరకు వైపు కాఫీ తోటల మధ్య ఊళ్లలో ఇంట్లో ఫోన్ సిగ్నల్ ఒక గీత వచ్చిపోతూ, డాబా ఎక్కితే రెండు గీతలు నిలబడుతుంటే, సిమ్ రౌటర్‌కు (సిమ్ వేస్తే ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే పెట్టెకు) బయటి యాంటెన్నా కలపడం పెట్టిన డబ్బుకు తగిన పనే. డాబా మీద కూడా సిగ్నల్ సున్నా అయితే మాత్రం కొనకండి. లేని సిగ్నల్‌ను ఏ యాంటెన్నా పుట్టించలేదు. అనుమతి లేని బూస్టర్ల జోలికి అసలే పోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఊరందరి కాల్స్ చెడతాయి.

రౌటర్ వెనక బయటి యాంటెన్నా కేబుళ్లు బిగించే రెండు ఎస్‌ఎంఏ సాకెట్లు, సెట్టింగుల్లో బ్యాండ్ లాక్ (మనం ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ బ్యాండ్ మీదే రౌటర్‌ను నిలిపే వీలు) ఉండాలి. బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ వేసేవాళ్లు బ్యాండ్ 28 (700 మెగాహెర్ట్జ్) ఉందో లేదో చూసుకోవాలి, జియోకైతే బ్యాండ్ 5 (850), ఎయిర్‌టెల్‌కైతే బ్యాండ్ 8 (900). కొండల్లో ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లే ఆదుకుంటాయి. వానాకాలంలో తడిసిన సిల్వర్ ఓక్ కొమ్మల్ని దాటి రావడం 2300 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్‌కు చాలా కష్టం.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది కేబుల్ దగ్గరే. 10 డీబీఐ యాంటెన్నా (డీబీఐ అంటే యాంటెన్నా సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో చెప్పే కొలత) కొని, దానికి సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 10 మీటర్లు వేస్తే 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఏడెనిమిది డీబీ (డెసిబెల్) సిగ్నల్ దారిలోనే ఆవిరైపోతుంది. 3 డీబీ పోయిందంటేనే సగం పోయినట్టు. అదే పొడవు ఎల్‌ఎంఆర్-400 అయితే పోయేది 2 డీబీ. అది లావు, వంగదు, ఖరీదెక్కువ. అయినా అదే వేయండి, లేదా రౌటర్‌ను యాంటెన్నా కిందికి తెచ్చి, అక్కడినుంచి ఇంట్లోకి మామూలు లాన్ కేబుల్ లాగండి. లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా పోయినా ఇబ్బంది లేదు. నేనైతే రెండోదే చేయమంటాను.

యాంటెన్నాలు రెండు ఉండాలి, ఒకటి కుడికి 45 డిగ్రీలు, ఒకటి ఎడమకు 45 డిగ్రీలు వాలి. గీతల్ని నమ్మొద్దు. రౌటర్ సెట్టింగుల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (రొద మధ్య సిగ్నల్ ఎంత స్పష్టమో) అంకెలు చూస్తూ, యాంటెన్నాలు బిగించిన పైపును పది డిగ్రీల చొప్పున తిప్పి, ప్రతిసారీ ఒక నిమిషం ఆగండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 110 కన్నా దిగజారితే లింకు తెగుతూ ఉంటుంది, మైనస్ 100 కన్నా మెరుగ్గా (మైనస్ 95, మైనస్ 90 ఇలా) తెస్తే పని నడుస్తుంది. రెండు దిక్కుల్లో ఎటు నిలపాలో తేలనప్పుడు ఎస్‌ఐఎన్‌ఆర్ ఎక్కువున్న వైపే నిలపండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ కాస్త తగ్గినా వీడియో కాల్ ఆగకుండా సాగేది అక్కడే.

మొదటి వానలకే వేగం పడిపోతే కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయని అర్థం. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు ఊడిపోతుంది. దానికదే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు వేయాలి. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది. కోతులున్న చోట పీవీసీ పైపులోంచి పోనివ్వండి. యాంటెన్నా నిలిపిన జీఐ (ఇనుప) పైపుకు ఎర్తింగ్ తప్పనిసరి. ఎర్తింగ్ ఉన్నా, మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే కేబుల్ పీకేయడం మేలు.

కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ రౌటర్‌ను నాలుగైదు గంటలు లాగుతుంది. ఛార్జింగ్‌లో వోల్టేజీ 14 దాటొచ్చు కాబట్టి మధ్యలో 12 వోల్టులకు కట్టేసే కన్వర్టర్ పెట్టాలి.

తెల్లవారుజామున బాగున్న వేగం రాత్రి ఎనిమిదికి పడిపోతూ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ రెండూ మారకుండా ఉంటే తప్పు మీ దగ్గర లేదు, టవర్ మీద రద్దీ. బ్యాండ్ మార్చి చూడండి, కుదరకపోతే వేరే కంపెనీ సిమ్ రెండోది ఉంచుకోండి. ఆ రెండో కంపెనీ పరికరాలు కూడా అదే టవర్ మీద ఉన్నాయేమో ముందే కనుక్కోవాలి. అలా ఉంటే టవర్ బ్యాటరీ అయిపోయిన రోజు రెండు సిమ్‌లూ ఒకేసారి పోతాయి.