గుచ్చింది ఒకచోట, తేలింది ఇంకోచోట: ఫీడ్‌బ్యాక్ టూల్‌తో 14 నెలలు

క్లయింట్ల నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకోవడానికి మా ఆఫీసులో ఈ టూల్ పెట్టుకుని 14 నెలలైంది. పేరు రాయడం లేదు, వాళ్ల సపోర్ట్ టీంతో మా పంచాయితీ ఒకటి ఇంకా తెగలేదు. వెబ్ పేజీ మీద నచ్చని చోట పిన్ గుచ్చి, అక్కడే కామెంట్ పెట్టే రకం. మిగతా ఫీచర్లు అందరికీ తెలిసినవే. నాకు ప్రేమైనా కోపమైనా ఆ పిన్ మీదే.

మాది మాదాపూర్‌లో నలుగురం పనిచేసే చిన్న కంపెనీ. బేగంబజార్‌లో మసాలా దినుసులు, డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ చేసే ఒక సేఠ్‌కి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఇంతకుముందు ఫీడ్‌బ్యాక్ అంటే వాట్సాప్ గ్రూపే. మానిటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి, ఎర్ర గీత గీసి, "ఇది సరిగ్గా లేదు" అని పడేసేవారు. ఏది, ఎందుకు అని కనుక్కునేసరికి భోజనాల వేళయ్యేది. మధ్యలో గుడ్ మార్నింగ్ పూలు ఒకటి.

పిన్ వచ్చాక ప్రాణం లేచొచ్చింది. లింక్ పంపితే చాలు, లాగిన్ గొడవ లేదు. ఫారంలో వివరాలు నింపే డబ్బా మీద నొక్కి, మైక్ నొక్కి మాట్లాడటమే. టైపింగ్ అంటే ఆమడ దూరం ఉండే దుకాణం గుమాస్తా మొదటిరోజే పదకొండు వాయిస్ కామెంట్లు పెట్టాడు. అందులో ఒకటి: "సంచి తరుగు ఏడ రాయాలె సార్? ధనియాల బస్తా తూకమేస్తే సంచి బరువు గూడ వస్తది గద." మూడు మీటింగుల్లో సేఠ్ గానీ, ఆయన కొడుకు గానీ ఎత్తని మాట ఇది. వాళ్లకు తెలియక కాదు, వాళ్లు బస్తాలు తూచరు. ఆ వారమే తరుగు డబ్బా పెట్టాం.

2025 సెప్టెంబర్ 22న బాదం, పిస్తాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగినప్పుడూ అంతే. పాత రేటు మిగిలిపోయిన ప్రతి వరుస మీదా పొద్దున్నే ఒక పిన్. సాయంత్రం టీ లోపు అన్నీ సరిచేశాం. ఆ రోజు నన్నెవరైనా అడిగి ఉంటే ఈ టూల్‌కి అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని.

డిసెంబర్‌లో తెలిసింది దీని అసలు సంగతి. మా పాత రిటైల్ ప్రాజెక్టు నుంచి డిస్కౌంట్ కూపన్ డబ్బా ఒకటి అలాగే వచ్చేసింది. హోల్‌సేల్ దుకాణంలో కూపనేంటి? సేఠ్ కొడుకు దాని మీద పిన్ గుచ్చి, "ఇది తీసేయండి, ఎవరూ వాడరు" అన్నాడు. న్యాయమైన మాటే. మా వాళ్లు ఆ కామెంట్ చూసేలోపే ఫారం పైభాగంలో హమాలీ ఖర్చు అని కొత్త డబ్బా చేర్చాం. మిగతావన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి, పిన్ మాత్రం దిగలేదు. సోమవారం మా డెవలపర్ తెరిచి చూసేసరికి అది తరుగు డబ్బా మీద ఉంది. క్లయింట్ గొంతుతో స్పష్టంగా "తీసేయండి" అని వినబడుతోంది. తీసేశాడు.

మర్నాడు పదకొండింటికి గుమాస్తా ఫోన్. "తరుగు డబ్బా తీసేసిన్రేంది సార్? నలభై బస్తాల బిల్లు కొట్టిన, సంచులకు గూడ ధనియాల రేటే పడ్డది." బస్తాకు కిలో చొప్పున నలభై కిలోలు. కొన్నది పాత ఖాతాదారు, అక్కడే పట్టేశాడు కాబట్టి బిల్లు మార్చి ఇచ్చారు. సేఠ్ కొడుక్కి కామెంట్ వినిపిస్తే, "గొంతు నాదేనండీ, కానీ నేనన్నది దీని గురించి కాదు" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. మేమేదో ఆయన మీదికి నెడుతున్నామని అనుకున్నాడేమో, రెండు రోజులు పొడిపొడిగానే మాట్లాడాడు.

సపోర్ట్ వాళ్లు చెప్పింది విన్నాక అర్థమైంది. పిన్‌కి డబ్బా పేరు తెలియదు. "ఈ ఫారంలో ఆరోది" అని గుర్తుపెట్టుకుంటుంది. పైన కొత్తది చేరితే ఆరోది మారిపోతుంది. ప్రతి డబ్బాకూ మారని ఐడీ ఇచ్చి ఉంటే అది దాన్నే పట్టుకునేది. ఇవ్వకపోవడం మా బద్ధకమే, ఒప్పుకుంటాను. కామెంట్ పెట్టినప్పటి స్క్రీన్‌షాట్ కూడా టూల్ దాచిందట. కానీ అది ఇంకో క్లిక్ లోపల ఉంటుంది, సోమవారం పొద్దున ఎవరు తెరుస్తారు? నా కోపం ఒక్కటే: పేజీ మారిందని దానికి తెలుసు. "ఈ పిన్ జారి ఉండొచ్చు" అని ఒక పసుపు గుర్తు వేయడానికేం? అడిగాను. పరిశీలిస్తున్నారట, మూడు నెలలుగా.

కాబట్టి "ప్రాణం లేచొచ్చింది" అని పైన రాసినదాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి. స్క్రీన్ల రూపు ఖరారైపోయిన ప్రాజెక్టుకి ఇది నిజంగా హాయి. వారానికోసారి ఫారం కదిలే మాలాంటి వాళ్లకు ఒక కన్నేసి ఉంచాల్సిందే. క్లయింట్లందరూ టైప్ చేసేవాళ్లే అయితే ఒక షేర్డ్ షీట్‌తో కూడా పని జరిగిపోతుందేమో. నాకు గుమాస్తా గొంతు కావాలి కాబట్టి వదులుకోలేను. ఏడాది ప్లాన్ మాత్రం మానేసి నెల నెలా కడుతున్నాను.

ఐడీలు ఇప్పుడు అన్నిటికీ పెట్టాం. అయినా గుమాస్తాకి నమ్మకం కుదరలేదు. ఏ డబ్బా మీద పిన్ గుచ్చినా ముందు దాని పేరు చెప్పి మొదలుపెడుతున్నాడు: "సార్, తరుగు డబ్బా గురించి మాట్లాడుతున్న. తరుగు. కూపన్ గాదు."