మల్కన్‌గిరిలో కొన్న మందు దోమతెర: రెండు వానాకాలాలు వాడిన తరువాత

ఒడిశాలోని మల్కన్‌గిరి బజారులో ఉన్న ఒక దుకాణంలో మా మనుమరాలి మంచానికని డెల్టామెత్రిన్ మందు పట్టించిన దోమతెరను 650 రూపాయలకు కొన్నాము. చదరపు అంగుళానికి 156 కన్నుల అల్లిక కనుక దోమ దూరదు, గాలి మాత్రం ఆడుతుంది. ఎండ తగిలితే మందు చెడుతుందని సబ్బునీటిలో మెల్లగా జాడించి నీడలోనే ఆరవేస్తున్నాము. పైమూల కుట్టు మొదటి ఏడాదే విడిపోతే మా ఆవిడ సూదీదారంతో బాగుచేసింది.

నా అసలు అభ్యంతరం తెర మీద కాదు, దానిని అమ్మిన మాట మీద. "ఇది కడితే మెదడువాపు దరికి రాదు బాబూ" అన్నాడు దుకాణదారు. 2016లో ఈ జిల్లాలో పిల్లలు వరుసగా చనిపోయిన రోజులను చూసినవారెవరైనా ఆ మాటకు డబ్బు తీస్తారు. (ఆ మరణాలలో కొన్నిటికి కసివింద గింజల విషం కారణమని తరువాత నిపుణులు తేల్చారు.) జపనీస్ మెదడువాపు వైరస్‌ను మోసే క్యూలెక్స్ దోమ వరిమడి నీటిలో పుట్టి, పందుల నుంచీ కొంగల నుంచీ వైరస్‌ను తెచ్చుకుని, పొద్దుగూకగానే ఆరుబయట కుట్టడం మొదలుపెడుతుంది. ఆ వేళకు మా పిల్ల వాకిట్లో ఆడుకుంటూ ఉంటుంది, తెర మంచం మీద ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. రాత్రి నిద్రలో కుట్టే మలేరియా దోమకైతే ఇది చక్కగా పనికివస్తుంది.

వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఏమీ కాదు. సుమారు 250 మందిలో ఒకరికి జబ్బు తీవ్రమవుతుంది. అప్పుడు వైరస్ నాడీకణాలలో పెరిగి వాటిని చంపుతుంది, దానితో పోరాడబోయిన శరీరమే వాపును ఇంకా పెంచుతుంది, పుర్రె సాగదు కనుక ఆ ఒత్తిడంతా మెదడు మీదనే పడుతుంది. జ్వరం, వాంతులు, ఆపైన ఫిట్స్, స్పృహ తప్పడం. వైరస్‌ను చంపే మందు లేదు. మెదడువాపు వచ్చి బతికినవారిలో 30 నుండి 50 శాతం మందికి కాలుచేతులు బిగుసుకుపోవడమో, మాట పడిపోవడమో, ఫిట్స్ రావడమో, చదువు అంటకపోవడమో మిగిలిపోతుంది.

దీనికి నమ్మదగిన అడ్డు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య మరొకటి వేసే టీకా; జబ్బు ఉన్న జిల్లాలలో దానిని ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. మా మనుమరాలికి రెండూ వేయించాము. దుకాణదారు ఆ ఊసే ఎత్తలేదు.

తెరకు అయిదుకు మూడున్నర ఇస్తాను. మనుమడి మంచానికి ఇంకొకటి కొంటాము, ఈసారి మూలలు అక్కడే లాగి చూసి.