జాగ్రత్త: డెమో చూసి క్లాసు మొత్తానికి ఇంగ్లిష్ యాప్ కొనకండి

క్లాసంతా ఇంగ్లిష్‌లో మాట్లాడేస్తారంటూ ఏడాది లైసెన్స్ అంటగట్టే యాప్‌లతో టీచర్లు, స్కూళ్లు చేతులు కాల్చుకుంటున్నారు. పేర్లు రాయడం లేదు, ఎందుకంటే తంతు అన్నిచోట్లా ఒకటే. డెమో చూపించేది పెద్దమనిషి ఒక్కడే. మంచి ఫోను, చప్పుడు లేని గది, సొంత హాట్‌స్పాట్. క్లాసులో ఉండేది 40 మంది పిల్లలు, పాత ట్యాబ్‌లు, అందరికీ కలిపి ఒక వైఫై.

ముందుగా బోల్తా పడేది ఉచ్చారణ మార్కుల దగ్గర. పక్క బెంచీ గొంతులు కూడా మైక్‌లో పడతాయి కాబట్టి సరిగ్గా చదివిన పిల్లకు 40, నోరు మెదపనివాడికి 70 వస్తుంటాయి. పైగా తెర మీది వాక్యం యాప్‌కి ముందే తెలుసు. అందుకని విన్నదాన్ని దానికి దగ్గరగా సర్దుకునే రకాలూ ఉన్నాయి. 'షిప్' అని ఉన్నచోట కావాలని 'షీప్' అని చదివి చూడండి. పడమరను చెప్పే 'వెస్ట్', తొడుక్కునే 'వెస్ట్' విడివిడిగా పలికి చూడండి (తెలుగులో రాస్తే రెండూ ఒకటే, మన పిల్లల తిప్పలూ అక్కడే). తప్పు చదివినా 90 ఇచ్చిందంటే ఆ మార్కులు ప్రోగ్రెస్ కార్డులో ఎక్కించకండి.

'ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది' అన్న మాటను అసలు నమ్మొద్దు. రెండు పాఠాలు డౌన్‌లోడ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసి (సెట్టింగ్స్‌లోంచి పూర్తిగా ఆపేసి) మళ్లీ తెరవండి. బొమ్మలు వచ్చి ఆడియో రాకపోవచ్చు. ఆడియో వచ్చినా, గొంతు గుర్తించే పని సర్వర్‌లో జరిగే యాప్ అయితే మాట్లాడే అభ్యాసం అక్కడే ఆగుతుంది. నెట్ తిరిగి ఇచ్చాక మార్కులు టీచర్ పేజీకి చేరాయా, ఒకటే మార్కు రెండుసార్లు పడిందా అన్నది కూడా చూడాలి.

డౌన్‌లోడ్ లెక్క ఎవరూ వేసుకోరు. ఒక యూనిట్ 200 ఎంబీ అనుకుంటే 30 ట్యాబ్‌లకు 6 జీబీ. 20 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో పనిచేసినా 40 నిమిషాలు, అంటే పీరియడ్ అయిపోయినట్టే. ముందురోజే దింపి పెట్టుకునే వీలుందో లేదో అడగండి.

ఇక అభ్యాసాలు. పదాలను వరసలో పేర్చే ఆటలో మొదటి ముక్కకు పెద్దక్షరం, చివరి ముక్కకు ఫుల్‌స్టాప్ వదిలేస్తే పిల్లలు చదవకుండానే రెండు కొసలు పెట్టేస్తారు. నాలుగు జవాబుల ప్రశ్నకు గుడ్డిగా నొక్కినా 25 శాతం ఒప్పే. తప్పయితే మళ్లీ నొక్కనిచ్చే యాప్‌లో అందరికీ నూటికి నూరు వస్తుంది. టీచర్ పేజీలో మొదటి ప్రయత్నం మార్కు విడిగా కనిపించకపోతే ఆ గ్రాఫులన్నీ అలంకారమే.

లైసెన్స్ పిల్లల లెక్కనా, ట్యాబ్‌ల లెక్కనా? ఒక పిల్లాడు బడి మారితే వాడి లైసెన్స్ ఇంకొకరికి ఇవ్వొచ్చా? ఏడాది చివర మార్కులు సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) తీసుకోవచ్చా? వీటికి జవాబు నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో రాయించుకోండి. 'ఫ్యామిలీ' ప్లాన్ కొని క్లాసులో వాడదామనుకుంటే, ఎక్కువ ట్యాబ్‌లలో లాగిన్ కాగానే మొదట ఎక్కినవాళ్లు బయటికి వచ్చేస్తుంటారు.

ఉచిత ట్రయల్‌కు సొంత కార్డు ఇచ్చినవాళ్లకు ఒక మాట. యాప్ తీసేసినంత మాత్రాన సభ్యత్వం రద్దు కాదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, చెల్లింపులు, సభ్యత్వాల విభాగంలో రద్దు చేయాలి. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో పేరు నొక్కి సభ్యత్వాల్లోకి వెళ్లి, ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే చేయాలి.

మైక్ అనుమతి అడిగితే సరే. పిల్లలకు పాఠం చెప్పడానికి కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? ప్లే స్టోర్‌లోని డేటా సేఫ్టీ వివరాలు యాప్ తయారీదారు స్వయంగా ఇచ్చుకున్నవి, అది గుర్తుంచుకుని చదవండి.

అమ్మేవాళ్లు వస్తే స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టకండి. నిండు క్లాసులో, మీ వైఫై మీద, మీ దగ్గరున్న అన్నింటికన్నా పాత 10 ట్యాబ్‌లతో ఒక పీరియడ్ నడిపించమనండి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి.