ఫోన్ నిండింది: వాట్సాప్ దులపాలా, క్లౌడ్ కొనాలా, పెన్‌డ్రైవ్ తెచ్చుకోవాలా?

'స్టోరేజ్ అయిపోతోంది' అని ఫోన్ చెప్పగానే చాలామంది గ్యాలరీ తెరిచి చేతికందిన ఫొటోలు తీసేస్తారు. నిజానికి అన్నిటికన్నా చివర చెయ్యాల్సిన పని అది. యాప్ పోతే మళ్ళీ వేసుకోవచ్చు, సినిమా పోతే మళ్ళీ దింపుకోవచ్చు. అమ్మమ్మతో దిగిన ఫొటో పోతే ఎవరు తెచ్చిస్తారు? అందుకని ఈ పద్ధతుల్లో ఏది మేలో తేల్చేటప్పుడు ఎన్ని జీబీలు ఖాళీ అవుతాయో చూసే ముందు, చెయ్యి జారితే ఏం పోతుందో చూడాలని నా అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే వరస చాలా మారిపోతుంది.

ముందుగా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి ఏది ఎంత తింటోందో చూడండి. 64 జీబీ ఫోన్‌లో ఆండ్రాయిడ్ సిస్టమే పెద్ద వాటా తీసేసుకుంటుంది, కాబట్టి డబ్బా మీద రాసినంత జాగా మన చేతికి రాదు. మొత్తంలో పది శాతం కన్నా తక్కువ మిగిలితే ఫోన్‌కి ఇబ్బందులు మొదలవ్వచ్చని గూగుల్ చెబుతుంది. అంటే 64 జీబీ ఫోన్‌లో సుమారు ఆరున్నర, 128లో దాదాపు పదమూడు జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అంతకు తగ్గితే అప్‌డేట్లు మొరాయిస్తాయి, ఫోన్ నెమ్మదిస్తుంది. పూర్తిగా నిండితే లాల్ దర్వాజాలో బోనాల ఊరేగింపు తీస్తుండగా వీడియో మధ్యలో ఆగిపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 'ర్యామ్ ప్లస్', 'మెమరీ ఎక్స్‌టెన్షన్' లాంటి పేర్లతో ఈమధ్య ఫోన్లలో ఒక సదుపాయం ఉంటోంది. 4 జీబీ ర్యామ్‌ని 8 చేసి చూపించేది అదే. ఆ అదనపు నాలుగు జీబీలు ఆకాశం నుంచి ఊడిపడవు, మీ స్టోరేజ్‌లోంచే తీసుకుంటుంది. దాన్ని ఆపి ఫోన్ రీస్టార్ట్ చేస్తే ఒక్క ఫొటో కూడా తీయకుండానే అంత జాగా తిరిగొస్తుంది. స్టోరేజ్ 64 జీబీయే అయితే మొదట ఇదే చూడండి.

ఇక అసలు పోటీలోకి వద్దాం. మన ఇళ్ళల్లో ఫోన్లు నింపేది ఎక్కువగా వాట్సాపే. అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, పిల్లల స్కూల్ గ్రూపు, అన్నిట్లోంచీ తెల్లారేసరికి పూలు, సుభాషితాలు, వంటల వీడియోలు దిగిపోయి ఉంటాయి. వాటిని గ్యాలరీలో ఏరుకుంటూ కూర్చుంటే పూటంతా గడిచిపోతుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా', అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరవండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట, 5 ఎంబీ దాటినవి ఒకచోట విడదీసి చూపిస్తుంది. కింద ఏ గ్రూపు ఎంత తింటోందో పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని ఫోన్‌లో ఆ పేజీ తెరిచాం. పైన కూర్చున్నది ఎవరి పెళ్ళి వీడియోనో కాదు, ఎవరో పంపిన భక్తి ప్రవచనం, గంటన్నరది. అదే ఫైలు మరో రెండు గ్రూపుల్లోనూ ఉంది.

"పిన్నీ, ఇది విన్నావా?"

"అప్పుడే విన్నా నాన్నా, తీసెయ్."

"దీని కిందది?"

"అయ్యో, అది మన శిరీష సీమంతం వీడియో. దాని జోలికి మాత్రం పోకు."

ఈ పద్ధతి బలమంతా ఇక్కడే ఉంది. ప్రతి ఫైలూ మనిషి చూసి, ఇది ఉండాలి, ఇది పోవాలి అని తేలుస్తాడు. పైసా ఖర్చు లేదు, నెట్ కూడా అక్కర్లేదు. ఒకే ఫైలు నాలుగు చాట్లలో ఉంటే అన్ని కాపీలూ తీసెయ్యాలా అని వాట్సాప్ అడుగుతుంది. అక్కడ అవునంటేనే జాగా ఖాళీ అవుతుంది. ఒక్క చాట్‌లో తీసేసి, జాగా పెరగలేదేమిటని విసుక్కునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

దీని లోపం కూడా చెప్పాలి. తీసేసింది తిరిగి కావాలంటే పంపినవాళ్ళని అడుక్కోవడమే. టెలిగ్రామ్‌తో ఆ బాధ లేదు, అందులో కాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్ళు) అంతా తుడిచేసినా ఫైళ్ళు వాళ్ళ క్లౌడ్‌లో, అంటే నెట్‌లో వాళ్ళ కంప్యూటర్లలో ఉంటాయి, నొక్కితే మళ్ళీ దిగుతాయి. కాబట్టి టెలిగ్రామ్ ఎక్కువ వాడేవాళ్ళు ముందు దాన్ని ఖాళీ చేసుకోవడం మంచిది. వాట్సాప్‌లో ఇంకో చిక్కు ఏమిటంటే, ఇవాళ దులిపితే వచ్చే నెలకి మళ్ళీ నిండుతుంది. దానికి మందు ఆటో డౌన్‌లోడ్ ఆపడం. 'మీడియా విజిబిలిటీ' ఆపితే చాలనుకుంటారు కొందరు. అది ఆపితే బొమ్మలు గ్యాలరీలో కనిపించవు, అంతే, ఫోన్‌లోకి దిగడం మాత్రం దిగుతూనే ఉంటాయి.

క్లౌడ్ సంగతి వేరు. ఇక్కడ ఏదీ తీసెయ్యక్కర్లేదు, ఫోన్‌లోంచి గూగుల్ ఫొటోస్‌లోకి మారుతుంది. గూగుల్ అకౌంట్‌కి 15 జీబీ ఉచితం. 'స్టోరేజ్ సేవర్' నాణ్యతలో పెడితే 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోల్ని అంతకు, వీడియోల్ని 1080పీకి తగ్గించి దాస్తుంది. ఇంట్లో చూసుకోవడానికి ఆ తేడా కంటికి ఆనదు. బ్యాకప్ పూర్తయ్యాక 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే, క్లౌడ్‌కి చేరిన వాటిని మాత్రమే ఫోన్‌లోంచి తీస్తుంది. ఫోన్ మెట్రోలో జారిపోయినా, హుస్సేన్‌సాగర్‌లో పడినా ఫొటోలు క్షేమం. ఎప్పటికప్పుడు తనంతట తానే ఇలా కాపాడే సుగుణం ఇంకే పద్ధతికీ లేదు.

అయితే ఆ బటన్ వేరు, మామూలు డిలీట్ వేరు. బ్యాకప్ అయిన ఫొటోని గూగుల్ ఫొటోస్‌లో చెత్తబుట్ట గుర్తు నొక్కి తీస్తే అది ఫోన్‌లోంచీ పోతుంది, క్లౌడ్‌లోంచీ పోతుంది. 'క్లౌడ్‌లో ఉందిగా' అనుకుంటూ వరసగా తీసేసేవాళ్ళు రెండు చోట్లా పోగొట్టుకుంటున్నారు. 60 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటాయి, ఆలోపు తెలుసుకుంటే సరే. ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ నేర్పేటప్పుడు ఈ ఒక్క తేడా పక్కన కూర్చుని చూపించండి.

ఇంకో జాగ్రత్త. ఆ 15 జీబీ ఫొటోలకి మాత్రమే కాదు. జీమెయిల్, డ్రైవ్ కూడా అందులోంచే వాడుకుంటాయి. 2021 జూన్ 1 నుంచి తగ్గించిన నాణ్యత ఫొటోలూ ఆ లెక్కలోకే వస్తున్నాయి, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే. నిండిపోతే మెయిల్స్ ఆగిపోతాయి. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోర్సు చేసుకుని ఇంటర్వ్యూ కబురు కోసం ఎదురుచూసే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. ఫోన్‌లో నాలుగు జీబీల కోసం మెయిల్ ఆగిపోయే పరిస్థితి తెచ్చుకోకూడదు. గూగుల్ ఫొటోస్‌లో ఏ ఫోల్డర్లు బ్యాకప్ కావాలో ఎంచుకోవచ్చు. కెమెరా ఒక్కటి ఉంచి వాట్సాప్ ఫోల్డర్లు ఆపెయ్యండి. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు చేర్చడం కూడా ఆపితే ఇంకా మిగులుతుంది. అది కూడా చాలకపోతే 100 జీబీ ప్లాన్ నెలకు 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 1300 ఉంటూ వస్తోంది. కట్టే ముందు మీ ఫోన్‌లో చూపించే ధర చూసుకోండి. కుటుంబంలో ఐదుగురితో పంచుకోవచ్చు కాబట్టి ఒకరు కడితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఎవరి ఫొటోలు వాళ్ళకే కనిపిస్తాయి. అప్‌లోడ్ మాత్రం ఇంటి వైఫై మీద రాత్రిపూట పెట్టుకోండి, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద పెడితే పొద్దున్నే డేటా హుష్‌కాకి.

పెన్‌డ్రైవ్ విషయానికొస్తే, ఒక పక్క టైప్-సీ, ఇంకో పక్క మామూలు యూఎస్‌బీ ఉండి, ఫోన్‌కి నేరుగా తగిలించుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతున్నాయి. కోఠి గుజరాతీ గల్లీ, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్ సీటీసీ, ఎటు వెళ్ళినా సరే, బిల్లూ వారంటీ ఇచ్చే చోట తీసుకోండి. కొన్నాక నిండుగా ఫైళ్ళు వేసి, తిరిగి తెరిచి చూడండి. మరీ తక్కువ ధరకి వచ్చే కొన్ని నకిలీ కార్డులు, డ్రైవ్‌లు 512 జీబీ అని చూపిస్తాయి, లోపల అందులో పదో వంతు కూడా ఉండదు. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే తెరుచుకోదు.

ఒకసారి డబ్బు పెడితే నెలనెలా కట్టేదేమీ ఉండదు, నెట్ అక్కర్లేదు. పెళ్ళి వీడియోలాంటి పెద్ద ఫైళ్ళకి నేను క్లౌడ్ కన్నా దీనికే మొగ్గుతాను. ఒకటే మెలిక ఉంది. డ్రైవ్ ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైలుని తీసుకోదు. మీ ఫోన్ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవాలి. కాపీ చేశాక నాలుగు ఫొటోలు, ఒక వీడియో డ్రైవ్‌లోంచే తెరిచి చూసి, ఆ తర్వాతే ఫోన్‌లోంచి తియ్యండి. 'కట్' చేసి 'పేస్ట్' మాత్రం చెయ్యకండి. మధ్యలో డ్రైవ్ కదిలితే ఇటూ లేకుండా అటూ లేకుండా పోవచ్చు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే యూఎస్‌బీ కేబుల్‌తో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' పెట్టుకుని ఇదే పని ఉచితంగా చేసుకోవచ్చు. నెట్ సెంటర్ కంప్యూటర్‌కి మాత్రం మీ ఫోన్ తగిలించకండి, ఇంటి ఫొటోలన్నీ ఊరి మీద పెట్టినట్టే.

మెమరీ కార్డుని నేను ఈ పోటీలో వెనక్కే పెడతాను. కొత్త ఫోన్లలో చాలావాటికి దాని చోటే లేదు. ఉన్నవాటిలోనూ కొన్నిట్లో రెండో సిమ్ తీస్తేనే కార్డు పడుతుంది. వాట్సాప్ అందులోకి మారదు. పాటలకి, సినిమాలకి, పిల్లల పాఠాల వీడియోలకి బాగుంటుంది. కార్డు చెప్పాపెట్టకుండా చచ్చిపోవచ్చు కాబట్టి పోతే తిరిగిరాని ఫొటోలు అందులో మాత్రమే ఉంచకూడదు. కొన్ని ఫోన్లు కార్డుని లోపలి స్టోరేజ్‌లా ఫార్మాట్ చేసుకోనిస్తాయి. అలా చేస్తే అది ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఇంకో ఫోన్‌లో పెడితే చదవదు. ఫోన్ పాడైతే కార్డులోవీ పోయినట్టే.

'ఒక్క టచ్‌తో క్లీన్' అనే బయటి యాప్‌లు వద్దే వద్దు. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ ఇంకో యాప్ సొంత ఫోల్డర్లలోకి మామూలుగా వెళ్ళలేదు, ఇక వాళ్ళు శుభ్రం చేసేదేముంది? ఆ అడ్డం దాటడానికి కొన్ని 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఉన్న యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఫోన్‌లో యూపీఐ ఉండగా ముక్కూమొహం తెలియని యాప్‌కి ఆ తాళం ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. శుభ్రం చేసే యాపే కావాలంటే గూగుల్ వాళ్ళ 'ఫైల్స్' ఉంది. పెద్ద ఫైళ్ళు, ఒకే ఫైలుకి రెండు కాపీలు, పాత స్క్రీన్‌షాట్‌లు ఏరి చూపిస్తుంది, తీసేది మాత్రం మనమే. ట్రాష్‌లో 30 రోజులు ఉంచుతుంది కూడా. జాగా వెంటనే కావాలంటే ఆ ట్రాష్, గ్యాలరీ ట్రాష్ కూడా ఖాళీ చెయ్యాలి.

యాప్ సమాచారంలో రెండు బటన్లుంటాయి. 'క్లియర్ కాష్' నొక్కితే ఏమీ పోదు, కొన్నాళ్ళకి మళ్ళీ పేరుకుంటుంది. 'క్లియర్ స్టోరేజ్' లేదా 'క్లియర్ డేటా' నొక్కితే యాప్ మొదటికొస్తుంది. యూపీఐ యాప్‌లో అది నొక్కితే నంబర్ ధ్రువీకరణ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో నొక్కితే బ్యాకప్ ఉంటేనే చాట్లు తిరిగొస్తాయి. ఐఆర్‌సీటీసీలా పండక్కి ఊరెళ్ళేటప్పుడు తప్ప తెరవని యాప్‌లకి ప్లే స్టోర్‌లో 'ఆర్కైవ్' ఉంది, యాప్ సైజులో 60 శాతం దాకా తగ్గిస్తుంది, మీ వివరాలు అలాగే ఉంచుతుంది.

మరి ఏది మేలు? పిన్ని లాంటి వాళ్ళకి వాట్సాప్ దులిపి, ఆటో డౌన్‌లోడ్ ఆపి, కెమెరా ఫొటోలకి ఉచిత 15 జీబీలో బ్యాకప్ పెడితే సరిపోతుంది. పైసా కట్టక్కర్లేదు. హాస్టల్ పిల్లలకి ఓటీజీ పెన్‌డ్రైవ్ మేలు, మెయిల్ కోసం 15 జీబీని అలా వదిలెయ్యాలి. చంటిపిల్లలున్న ఇంట్లో రోజూ ఫొటోలు, వీడియోలు పోగవుతాయి, అక్కడ 1300 పెట్టి 100 జీబీ తీసుకోవడమే న్యాయం. ఏడాదికోసారి వాటి కాపీ హార్డ్ డిస్క్‌లోకి కూడా తీసిపెట్టుకోండి. ప్లాన్ కట్టడం ఆపేసి రెండేళ్ళ పాటు పరిమితి దాటి ఉంటే గూగుల్ వాటిని తీసెయ్యవచ్చు.

ఫోనే మారుద్దామనుకుంటే 64 జీబీ మోడల్ వైపు చూడకండి. 128కీ 256కీ ఉన్న ధర తేడాని 1300తో భాగించండి. వచ్చిన అంకె కన్నా ఎక్కువేళ్ళు ఆ ఫోన్ వాడతారనుకుంటే 256 తీసుకోవడం లాభం. అప్పుడు కూడా ఫొటోల బ్యాకప్ ఆన్‌లోనే ఉంచండి.