చిట్టెలుక బొచ్చు మీద పెత్తనం ఎవరిది: జన్యువుదా, విటమిన్ ఎ దా?

ల్యాబుల్లో ఎక్కువగా వాడే నల్ల చిట్టెలుక పేరు సి57బిఎల్/6. దాని వీపు మీద బొచ్చు గొరిగితే చర్మం ఒక్కోసారి గులాబీ రంగులో, ఒక్కోసారి బూడిద నలుపులో ఉంటుంది. గులాబీ రంగుంటే కుదుళ్లు విశ్రాంతిలో ఉన్నట్టు, నలుపెక్కితే లోపల కొత్త వెంట్రుక తయారవుతున్నట్టు. ఈ ఎలుక వీపు మీద రంగు పుట్టేది ఎదిగే కుదుళ్లలోనే, అందుకే విషయం కంటికే తెలిసిపోతుంది.

ఆ కుదుళ్లను నడిపేది ఎవరంటే, నా ఓటు ముందు జన్యువుకే. 'హెయిర్‌లెస్' అనే జన్యువు చెడిన ఎలుక పిల్లలకు మొదటి బొచ్చు మామూలుగానే వస్తుంది. రెండు వారాల వయసులో కళ్ల దగ్గర ఊడటం మొదలై తోక వైపు సాగుతుంది. కొద్దిరోజుల్లోనే ఒళ్లంతా నున్నగా అయిపోతుంది. కారణం ఏమిటంటే, కుదురు కుంచించుకునే దశలో దాని అడుగున ఉండే పాపిల్లా కణాలు పైభాగం నుంచి తెగి కిందే ఉండిపోతాయి. మళ్లీ మొలవమని సంకేతం ఇచ్చేవే అవి! దీనికి పూర్తి రివర్స్ ఎఫ్‌జీఎఫ్5. ఎదిగింది చాలు, ఆగమని చెప్పే జన్యువు ఇది. దీన్ని తీసేస్తే బొచ్చు దాదాపు ఒకటిన్నర రెట్లు పొడవు పెరుగుతుంది.

విటమిన్ ఎ పద్ధతి వేరు. కణాలు దాన్ని రెటినోయిక్ ఆమ్లంగా మార్చుకుంటాయి. అది కేంద్రకంలోని గ్రాహకాలకు అతుక్కుని కొన్ని జన్యువులను ఆన్ చేస్తుంది, కొన్నింటిని ఆపుతుంది. అంటే చివరికి అది పని చేయించుకునేదీ జన్యువుల చేతే. మేతలో దాని మోతాదు మారితే కుదుళ్లు ఎదిగి, కుంచించుకుని, విశ్రాంతి తీసుకునే చక్రం టైమింగ్ మారుతుంది. మరీ తక్కువైతే చర్మం గరుకెక్కుతుంది, మరీ ఎక్కువైతే బొచ్చు రాలుతుంది.

ఇద్దరినీ ఒకే బరిలో చూడాలంటే రైనో ఎలుకను చూడాలి. దానిలోనూ చెడింది హెయిర్‌లెస్ జన్యువే, కాకపోతే ఇంకా గట్టిగా. చర్మం ఖడ్గమృగంలా ముడతలు పడి, పాడైన కుదుళ్లు కెరాటిన్ (వెంట్రుకల్లో ఉండే ప్రోటీన్) నిండిన చిన్న సంచుల్లా మారతాయి. విటమిన్ ఎ జాతి మందులు పూస్తే ఆ సంచులు చిన్నబడతాయి. మొటిమల్లోనూ కుదుళ్లు ఇలాగే మూసుకుపోతాయి, మొటిమల మందులను ఈ ఎలుక మీద పరీక్షించింది అందుకే. బొచ్చు మాత్రం తిరిగి రాదు.

అలాగని మేతను వదిలేయలేం. జన్యువు బాగున్న ఎలుకల మీద జుట్టు మందు పరీక్షిస్తూ రెండు గుంపులకు రెండు కంపెనీల మేత పెడితే, తేడా మందుదో విటమిన్‌దో తేల్చలేం. మనుషుల్లో 'జుట్టుకు మంచిది' అని విటమిన్ ఎ మాత్రలు సొంతంగా మింగితే అసలుకే ఎసరు. అది ఎక్కువైతే మనకూ జుట్టు రాలుతుంది.