కొలనోస్కోపీ: ఊళ్లో ప్రైవేటా, హైదరాబాద్ సర్కారు దవాఖానా?

నల్లగొండ, పాలమూరు ప్రైవేటు దవాఖానల్లో కొలనోస్కోపీకి (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ముందు చెప్పే రేటు సాధారణంగా గొట్టం వేసి చూసినందుకే. మత్తు డాక్టరు ఫీజు, బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క తీయడం), ల్యాబు రిపోర్టు విడిగా పడొచ్చు. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) కనబడి తీగ ఉచ్చుతో కోస్తే బిల్లు ఇంకా పెరుగుతుంది. "పాలిప్ ఉంటే ఎంత?" అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఉస్మానియా, గాంధీలో పైసల కంటే రోజులు ఎక్కువ ఖర్చవుతాయి: ఓపీ ఒకనాడు, పరీక్ష ఇంకోనాడు. మత్తిస్తే తోడు మనిషి తప్పదు, ఆ మనిషి కూలీ కూడా లెక్కే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది గానీ, ఉత్త పరీక్షకు వర్తిస్తుందా అన్నది ఆరోగ్యమిత్రను (దవాఖానలో ఆ పథకం సంగతులు చూసే మనిషి) అడగాల్సిందే.

అసలు చిక్కు పేగు కడిగే మందుతో. 137 గ్రాముల ప్యాకెట్టును 2 లీటర్ల నీళ్లలో కలిపి, సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి. అది తాగి వంద కిలోమీటర్లు బస్సులో కూర్చోవడం అయ్యే పని కాదు. ముందురోజే హైదరాబాద్ చేరాలి. ఆ రోజు జొన్నరొట్టె, ఆకుకూర, గింజల కూరలు వద్దు. పేగులో మలం మిగిలితే పరీక్ష మళ్లీ, ప్రైవేటులోనైతే బిల్లూ మళ్లీ. రక్తం పలుచబరిచే గోలీల సంగతి దాచితే పాలిప్ కోసినచోట రక్తం ఆగకపోవచ్చు.